ఎడమ పక్క సీటు

మండపేట,
మంగళవారం, 19 ఆగస్టు 2025.

శ్రీయుత ఫిన్నీ గారికి, రాజమండ్రిలో ఎమ్మారై మిషను నడిపే టెక్నీషియన్ గారికి, వారం రోజులుగా ఆటో లేని ఆటో డ్రైవరు అచ్చిబాబు నమస్కరించి రాసేది. ఉత్తరం అంటే ముందు ఎదుటివాళ్ళ క్షేమం అడగాలని తొమ్మిదో తరగతిలో తెలుగు మాస్టారు చెప్పారు. నేను అడగను. నువ్వు క్షేమంగా ఉన్నావని నిన్న స్వయంగా చూసే వచ్చాను. ఏసీ గది, నీలం డ్రస్సు, మెడలో కార్డు. క్షేమానికి ఇంకేం కావాలి?

పాడె అన్నావు.

"నువ్వు తోలేది ఆటో కాదురా, పాడె. అందులో ఎక్కేవాళ్ళంతా ఎవరికో ఒకరికి అమ్మలురా" అన్నావు. మీ స్కానింగు సెంటరు హాలు నిండా జనం. పేరు ఎప్పుడు పిలుస్తారా అని కూర్చున్న వాళ్ళంతా నా వైపు తిరిగారు. ఒక ముసలాయనైతే కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు, నేనేదో అక్కడే ఆటో ఎక్కించేస్తానన్నట్టు. వాచ్‌మన్ నా జబ్బ పుచ్చుకుని గుమ్మం దాటించాడు. "చదువుకున్నోళ్ళతో నీకు గొడవెందుకు బాబూ, ఎళ్ళిపో" అన్నాడు. ఆయన్నేం అననులే. ఆయన మర్యాదగానే నెట్టాడు.

నాకు అక్కడ జవాబు రాలేదు. నా సంగతి నీకు తెలుసు, కోపం వస్తే నోరు ఆగిపోయి చెయ్యి లేస్తుంది. జవాబు ద్వారపూడి దాటాక బస్సులో వచ్చింది. ఫోన్ చేశాను. నా నంబరు బ్లాక్ చేసేశావు. ఒకటో తరగతి నుంచి ఒకే పలక మీద గీసుకున్న వాళ్ళం. బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి తీసేశావు. అందుకే ఈ కాగితం. దీన్ని బ్లాక్ చెయ్యడానికి నీ ఫోన్లో ఏమీ లేదు.

పొద్దున్నే సెంటర్లో దస్తా తెల్లకాగితాలు కొన్నాను. అందులో రెండు నీ మీద కంప్లైంటుకి అయ్యాయి. ఒకటి మీ సెంటరు మేనేజరు గారికి, ఒకటి నా జబ్బు చూసే డాక్టరు హేమశ్రీ గారికి. 'అయ్యా, మీ దగ్గర పనిచేసే ఫిన్నీ అనే అతను పేషెంటు స్కాను సంగతి బయటివాళ్ళకి చెప్పి అతని బతుకు తెరువు పోగొట్టినాడు' అని మొదలుపెట్టి, తేదీలతో సహా రాశాను. నాకు అక్షరం ముక్క రాదనుకున్నావు. రెండూ ఒకే కవర్లో పెట్టి, మీ సెంటరు అడ్రసు రాసి అంటించేశాను కూడా. ఇప్పుడు నా మోచేతి కిందే ఉంది. పోస్టు డబ్బా మూడున్నరకి తీస్తారు. ఆలోగా నీకు ఇది రాసెయ్యాలి. నీ ఉద్యోగం ఊడేటప్పుడు ఎందుకు ఊడిందో నీకు తెలియాలి కదా. నాది ఊడేదాకా నాకు ఎవరూ చెప్పలేదు.

మొదటి నుంచీ చెప్తాను. నీకు తెలిసినా చెప్తాను. తెలిసీ చేశావు కాబట్టి చెప్తాను.

జనవరిలో నా ఎడమ కంటికి మంచు పట్టినట్టయింది. ఎర్ర రంగు వెలిసిపోయి ఇటుక రంగులా కనబడేది. మా అమ్మకి కూడా చెప్పకుండా ముందు నీకు చెప్పాను. నువ్వే రాజమండ్రి తీసుకెళ్ళావు, నువ్వే హేమశ్రీ గారి ముందు కూర్చోబెట్టావు, నువ్వే ఆ గొట్టంలోకి తోశావు. ముప్పావు గంట కదలకూడదన్నావు. ముప్పావు గంట పీరియడు బెంచీ మీద కూర్చోలేకే కదరా నేను బడి మానేసింది! లోపల మిల్లులో ధాన్యం ఆడుతున్నట్టు ఒకటే మోత. చెవుల్లో నువ్వు పెట్టిన దూది. మైకులో మధ్యమధ్యలో నీ గొంతు. "అచ్చీ, కాలు ఆడించకు. ఇంకో అయిదు నిమిషాలు. అయిపోయింది, అయిపోయింది" అని. అయిదు నిమిషాలు అని ఆరుసార్లు అబద్ధం చెప్పావు. అయినా కదల్లేదు. మా నాన్న బతికుండగా బెల్టు తీసి కూడా నన్ను అంతసేపు ఒకచోట ఉంచలేకపోయాడు.

ఎమ్మెస్ అన్నారు డాక్టరమ్మ. మెదడులోనూ వెన్నులోనూ నరాల మీద తొడుగు ఉంటుందట, మన ఒంట్లో కాపలా ఉండాల్సినవే పొరబడి దాన్ని కొరికేస్తాయట. కొరికిన చోట ఫిల్ములో తెల్ల మచ్చ. నాకు వెంటనే అర్థమైంది. "వైరు మీద రబ్బరు ఊడిపోయి ఇండికేటరు వేస్తే హారను మోగడం లాంటిదాండీ" అన్నాను. ఆవిడ నవ్వి, "మా స్టూడెంట్లకి నువ్వొచ్చి పాఠం చెప్పమ్మా. ఇంతకీ ఏం చేస్తుంటావు?" అన్నారు. బట్టల కొట్టులో అండి అన్నాను. నువ్వు పక్క కుర్చీలో ఉన్నావు. నీ చెప్పుల వైపు చూసుకున్నావు. అప్పుడు నీ నోరేమైంది ఫిన్నీ? అప్పుడు నా ఆటోలో ఎక్కేవాళ్ళు ఎవరికీ అమ్మలు కారా?

ఈ ముక్క కంప్లైంటులో రాయలేదు. రాస్తే నా అబద్ధం కూడా బయటికొస్తుంది.

అయిదు రోజులు సెలైన్లో మందు ఎక్కించారు, కన్ను తేరుకుంది. రోజూ వేసుకునే మాత్రలు రాశారు. ఆర్నెల్లకి మళ్ళీ స్కాను అన్నారు. బాగున్నాను కదండీ మళ్ళీ ఎందుకూ అంటే, ఒంటికి ఏమీ తెలియకుండానే లోపల కొత్త మచ్చలు రావచ్చు, పాత ఫిల్మూ కొత్త ఫిల్మూ పక్కపక్కన పెడితేనే బయటపడతాయి, వాటిని బట్టే ముందు ముందు జబ్బు ఎంత చురుగ్గా ఉంటుందో మాకు ఒక అంచనా వస్తుంది అన్నారు. జూలైలో తీశావు. రెండు కొత్తవి. అందులో ఒకటి, నరంలోకి ఇంజక్షను ఎక్కించాక తీసిన ఫిల్ములో దీపంలా వెలిగింది. వెలిగిందంటే ఇప్పుడు రగులుతోందని, వెలగకపోతే పాత బొగ్గని నువ్వే చెప్పావు. మందు మార్చాలేమో, రక్త పరీక్షలు వచ్చాక మాట్లాడదాం అన్నారు ఆవిడ. అంతవరకూ అందరూ పద్ధతిగానే ఉన్నారు.

ఆ రోజే ఇంకో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. చదివి వినిపించింది నువ్వే. నా ఫిల్ములు పేరు లేకుండా నంబరు వేసి కంప్యూటరుకి చూపిస్తారట. వందల మంది ఫిల్ములు చూసి, వాళ్ళలో ఎవరికి ఆ తర్వాత ఏడాదిలో జబ్బు మళ్ళీ లేచిందో అది నేర్చుకుంటోందట. కొత్తవాడి ఫిల్ము ఇస్తే ముందే పసిగట్టగలదా అని చూస్తున్నారట. "ఇంకా అ ఆలు దిద్దుతోందమ్మా అది. దాని మాట విని మందు మార్చం, నీకూ చెప్పం, ఎవరికీ చెప్పం" అన్నారు డాక్టరమ్మ. అ ఆలు దిద్దేది అనగానే నాకు జాలేసింది. నాలాంటిదే కదా అని సంతకం పెట్టేశాను.

నా నంబరు నలభై ఒకటి. స్టిక్కరు అంటించింది నువ్వు. నలభై ఒకటి అంటే అచ్చిబాబని ఆ గదిలో తెలిసినవాడివి నువ్వొక్కడివే. నలభై ఒకటికి ఏడాదిలోపు మళ్ళీ లేచే అవకాశం పదింట ఏడు పాళ్ళు అని ఆ మిషను చెప్పింది. నువ్వు చూశావు, నిన్న నీ నోటితోనే ఒప్పుకున్నావు. చూసి నాకు చెప్పావా? లేదు. డాక్టరమ్మని పిలిచి, అమ్మా వీడు బట్టల కొట్టు కాదు, ఆటో తోలతాడు, ఏం చెయ్యమంటారు అని అడిగావా? లేదు. ఆదివారం గుడి అయిపోయాక, బైబిలు చంకలో ఉండగానే, తిన్నగా మా ఓనరు సత్యప్రసాద్ గారి అరుగు ఎక్కావు.

పోయిన మంగళవారం పొద్దున్న ఆరున్నరకి పోతురాజు టీ కొట్టు దగ్గర ఏం జరిగిందో నీకు తెలీదు. నువ్వు అప్పటికి రాజమండ్రి వెళ్ళిపోయావు. సార్వా వరి ఊడుపులు చివరికొచ్చాయి, ఆడవాళ్ళు పన్నెండు మందీ కేరేజీలతో ఎక్కి కూర్చున్నారు. నేను స్టార్టు చేశాను. సత్యప్రసాద్ గారు మోటారు సైకిలు అడ్డంగా పెట్టి దిగారు. "అచ్చిబాబూ, తాళాలు ఇలా తేమ్మా. నీ బుర్రలో మచ్చలంట కదా. ఏడాదిలో రెండు కళ్ళూ పోతాయని కంప్యూటరే చెప్పేసిందంట. నాకెందుకమ్మా ఈ పీడ" అన్నారు. పదింట ఏడు పాళ్ళు జబ్బు లేవచ్చు అన్నది, మీ స్కానింగు సెంటరు నుంచి మా టీ కొట్టు దాకా వచ్చేసరికి రెండు కళ్ళూ పోవడం అయింది. నువ్వు అలా చెప్పలేదంటావు. సరే చెప్పలేదు. చెప్పాక అది ఎలా పెరుగుతుందో ఈ ఊళ్ళో పుట్టినవాడివి నీకు తెలీదా?

ఆడవాళ్ళు ఒక్కొక్కరే దిగారు. కేరేజీలు అందుకుని నా మొహం చూడకుండా నడిచారు. అదే ఎక్కువ బాధ. పోతురాజు ఆ రోజు నుంచి నాకు టీ కాగితం కప్పులో పోస్తున్నాడు. అందరికీ గాజు గ్లాసు. "నాకూ గ్లాసియ్యి బాబాయ్" అంటే, "ఎందుకురా, కప్పైతే తాగి పారేసుకోవచ్చు కదా, తేలిక" అన్నాడు. అంటువ్యాధి కాదు బాబాయ్ అంటే, "నేనెప్పుడన్నాన్రా" అని మొహం పక్కకి తిప్పుకుని పాలు పొంగకపోయినా ఊదుతున్నాడు.

ఇప్పుడు ఆ ఆటో లోకనాథ్ తోలుతున్నాడు. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, మెడ వంకర పెట్టి తోలతాడు. వాడి బుర్రకి ఎవరూ స్కాను తియ్యలేదు. తీస్తే ఏం వచ్చునో!

నిన్న నీతో ఒక మాట అన్నాను గుర్తుందా. కాకినాడ పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే ఉప్పాడ వాళ్ళు పడవలు ఒడ్డుకి లాగేస్తారు. తుఫాను తీరా చూస్తే ఒడిశా పోతుంది. వారం తిండి పోయిందని వాళ్ళు తిట్టుకుంటారు. కానీ ఆ నంబరు అందరికీ ఎగరేస్తారు, ఎగరెయ్యమని ప్రభుత్వం పెట్టిన మనిషి ఎగరేస్తాడు. నువ్వు ఎవడివిరా నా ఒక్కడి ఇంటి మీద ఎగరెయ్యడానికి అన్నాను. దానికి నువ్వు, "తుఫాను రాకపోతే సంతోషించాలి గానీ నంబరు ఎగరేసినవాణ్ణి కొడతారా" అన్నావు. బాగానే ఉంది. చదువుకున్నవాడి మాట. వినేవాళ్ళకి నువ్వే మంచివాడిలా కనబడ్డావు.

ఇంకో మాట కూడా అన్నావు. అది కూడా రాసి పెట్టుకున్నాను. "ఫిల్ము అబద్ధం చెప్పదురా అచ్చీ. మనుషులే చెప్తారు" అన్నావు. ఆ మాట దాచుకో. దానితో పని ఉంది.

నీ మీద నాకు ఎంత కోపమంటే, వారం నుంచి రోజుకొక రకంగా నీకు శిక్ష వేస్తున్నాను. ఒక రోజు నిన్ను ఆ గొట్టంలో పడుకోబెట్టి, మైకులో అయిదు నిమిషాలు, అయిదు నిమిషాలు అంటూ ఉండిపోదామనుకున్నాను. ఒక రోజు మీ పాస్టరు గారి దగ్గరికెళ్ళి, అయ్యా, నమ్మి చెప్పుకున్నవాడి గుట్టు బయటపెట్టినవాడు మీ కోయిర్లో ముందు వరసలో నిలబడి పాడుతున్నాడు, ఆలోచించుకోండి అని చెబుదామనుకున్నాను. చివరికి కంప్లైంటే బాగుందనిపించింది. చట్టప్రకారం ఉంటుంది. నీలాగే.

మీ అమ్మ మొన్న మా ఇంటికొచ్చింది. చెయ్యి మెడకి వేలాడేసుకునే వచ్చింది. పదిహేను రోజులవుతోంది కదా గట్టు మీద జారిపడి, భుజం ఎముక బీట వారిందని నువ్వే ఎక్స్‌రే తీశావు కదా. ఇంకా సలుపుతోందట. ఊడుపులు వంగి చెయ్యలేకపోయినా మేస్త్రి కాబట్టి రోజూ ఆడవాళ్ళ వెంట చేలోకి వెళ్తోంది, గట్టు మీద కూర్చుని వరస చెప్తోంది. లోకనాథ్ ఆటోలో ముందు కూర్చోవట్లేదట, వెనక కూర్చుంటోందట. నేను కుర్చీ వేస్తే కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడింది. "వాడు నీ మంచికే చేశాడేమో నాన్నా" అంది. మెడకున్న కట్టు సర్దుకుని, "వాడికి కోపం రాకుండా చూసుకో" అంది. నాకు కోపం వస్తే కదా అత్తా సమస్య అన్నాను. "నీకు రావాలి. వాడికి రాకూడదు" అని వెళ్ళిపోయింది. మా అమ్మకి ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నీకు కూడా అవుతుంది, ఓపిక పట్టు.

ఇక్కడ కాసేపు ఆపాను. మధ్యాహ్నం ఎండ అరుగు మీదికి వచ్చేసింది. పైన రెండు మూడు లైన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటే ఏమీ అనుకోకు. తడిగుడ్డ మొహాన వేసుకుని లోపల ఫ్యాను కింద పడుకున్నాను. ఇప్పుడు బాగానే ఉంది.

నువ్వు నిన్న ఎండ సంగతి అడిగావు. "ఎండెక్కితే కన్ను మసకబారుతోందా లేదా, నిజం చెప్పు" అన్నావు. లేదన్నాను. ఇప్పటికీ లేదనే అంటాను. అక్కడ జనంలో అడిగినదానికి జవాబు అదే.

సరే, మూడు దాటింది. ఇంకా చాలా ఉంది రాయడానికి, ఏడో తరగతిలో నా చేత గోడ దూకించి నువ్వు మాస్టారికి దొరక్కుండా పారిపోయిన సంగతి కూడా రాద్దామనుకున్నాను. టైము లేదు. డబ్బా తీసేస్తారు. వెళ్ళాలి.

ఇట్లు,
ఒకప్పుడు నీ వాడు,
అచ్చిబాబు
(నంబరు 41)

తా.క. ఇది బస్‌స్టాపులో, షెల్టరు నీడలో, ఒళ్ళో కేరేజీ పెట్టుకుని దాని మీద రాస్తున్నాను.

డబ్బా దాకా వెళ్ళాను. కవరు సగం లోపల పెట్టాను. పోస్టు ఆయన సైకిలు ఆపి, "వేస్తావా బాబూ, తాళం తియ్యనా" అన్నాడు. వెయ్యలేదు. నీ మీద జాలితో కాదు. ఆ కంప్లైంటు చాలదనిపించింది. దానికంటే పెద్దది నా దగ్గర ఇంకొకటి ఉంది.

మీ అమ్మ గట్టు మీద జారలేదురా.

ఎండెక్కితే నా ఎడమ కన్ను మసకబారుతుంది. జూన్ నుంచీ. నీడలోకొచ్చి నీళ్ళు చల్లుకుంటే అరగంటకి తేరుకుంటుంది. పొద్దున్న వెళ్ళేటప్పుడు బాగుంటుంది. పని అయ్యి తిరిగొచ్చేటప్పుడు ఎడమ పక్కంతా పాలు ఒలికినట్టుంటుంది. మీ అమ్మ రెండో రోజే కనిపెట్టేసింది. ఏ స్కానూ తియ్యలేదు. ఎడమ పక్క నుంచి వచ్చే ఎడ్లబండిని నేను ఆలస్యంగా చూశానని కనిపెట్టింది. ఆటో దిగాక కొంగుతో నా మొహం తుడిచి, "రేపటి నుంచి ముందు నేను కూర్చుంటాలే, నీ ఎడమ పక్క" అంది. అంతే. ఇంకేం అడగలేదు.

అప్పటి నుంచి నా ఎడమ కన్ను మీ అమ్మే. "గేదె. పక్కకి రా. తూము. సైకిలాయన. చాలు, చాలు, ఇంక పద" అంటూ ఉండేది. వెనకున్న ఆడవాళ్ళకి వినబడకుండా, ఏదో పాట పాడుకుంటున్నట్టు. నెలన్నర అలా తోలాను. ఒక్క గీత పడలేదు. ఊడుపులు అయిపోగానే డాక్టరుకి చెప్పెయ్యి నాన్నా, ఈలోగా ఎవరికీ తెలియనివ్వనులే అనేది. నేను ఆటో ఆపేస్తే ఆ పన్నెండు మందినీ తీసుకెళ్ళేవాడు ఆ సీజనులో దొరకడు. మీ అమ్మ దాచడానికి అది ఒక కారణం. నేను ఆటో దిగితే ఏమైపోతానో అని. అది రెండోది.

ఆగస్టు ఆరో తారీఖు. అందరూ కాలనీ దగ్గర దిగిపోయారు. మర్నాటి పని ఎక్కడో కనుక్కోవాలని మీ అమ్మ ఒక్కతే సత్యప్రసాద్ గారి మిల్లు దాకా వస్తానంది. కాలవ గట్టు మీద వెళ్తున్నాం. దారంతా నీ గురించే. "మా వాడు ఫిల్ము చూసి డాక్టరు కంటే ముందు చెప్పేస్తాడంట అచ్చీ. మొన్న డాక్టరమ్మే అందంట, ఫిన్నీ, నీ కన్ను చాలా గట్టిదని" అని చెప్పింది. చెప్తూ చెప్తూ సంతోషం పట్టలేక నా వైపు తిరిగింది. ఎడమ పక్క చూడ్డం మర్చిపోయింది. వంతెన పిట్టగోడ నాకు కనబడలేదు. తనకీ కనబడలేదు. నీ గురించి చెప్తోంది మరి.

ఆటోకి సొట్ట, మీ అమ్మకి భుజం. నేను ఏడుస్తూ హాస్పిటలుకి పదమంటే నా నోరు మూసింది. "గట్టు మీద జారానని చెప్తాను. నువ్వు నోరెత్తావంటే ఒట్టే" అంది. సొట్ట మిల్లు గేటుకి తగిలిందని నేను చెప్పాను. మర్నాడు నువ్వే భుజానికి ఎక్స్‌రే తీశావు. నీ చేత్తోనే ఫిల్ము వెలుగుకి ఎత్తి చూశావు. ఫిల్ము అబద్ధం చెప్పదు అన్నావు కదా. ఆ ఫిల్ములో నా ఆటో కనబడిందా? కాలవ గట్టు కనబడిందా? డాక్టరు కంటే ముందు చెప్పేసేవాడివి, మీ అమ్మ ఎముక చూసి ఒక్క ముక్క చెప్పలేకపోయావు.

ఎవరికో ఒకరికి అమ్మలు అన్నావు. ఆ ఎవరో నువ్వే.

కంప్లైంటు కవరు కూడా ఈ ఉత్తరంతో పాటే నీకు పెడుతున్నాను. స్టాంపులు కూడా అంటించే ఉన్నాయి. వెయ్యాలనిపిస్తే నువ్వే వేసుకో. నేను ఇప్పుడు సాయంత్రం ఓపీకి హేమశ్రీ గారి దగ్గరికి వెళ్తున్నాను. బట్టల కొట్టు కాదండీ, ఆటో అని చెప్తాను. ఎండ సంగతీ చెప్తాను. అది నీ కోసం కాదు, మీ అమ్మ భుజం కోసం. నిన్ను నేను క్షమించలేదు.

ఇంకొక్కటి అడిగి ఆపుతాను. ఆ పన్నెండు మంది ప్రాణాల కోసమే చెప్పాను, తెలిశాక దాస్తే పాపం అన్నావు నిన్న. ఇప్పుడు నీకు ఇంకోటి తెలిసింది. వాళ్ళని రోజూ పేరుపేరునా పిలిచి నా ఆటో ఎక్కించిన మేస్త్రమ్మకి నా కన్ను సంగతి ముందే తెలుసు. ఆ మాట వింటే వాళ్ళు మళ్ళీ మీ అమ్మ వెంట చేలోకి దిగరు, గుళ్ళో పక్కన కూర్చోరు. ఆదివారం గుడి అయ్యాక అందరూ మెట్ల దగ్గరే ఉంటారు. వెళ్ళి చెప్తావా మరి?

బస్సొచ్చింది. వెళ్ళాలి.